అరెస్టు కాగితం మీద నా సంతకం

బెంగాలీలో దెబ్బలాడమంటే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దెబ్బలాడగలను. గోల్ బజార్లో చేపలమ్మే దీదీలు నన్ను చూస్తే మెత్తబడిన చేపను బుట్ట అడుక్కి తోసేస్తారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న ఇక్కడే పుట్టి, ఇక్కడే ఫిట్టరుగా రిటైరయ్యాడు. నేనూ ఇక్కడే పుట్టాను. ఇన్ని తరాలున్నాక ఊరి భాష రాకపోతే సిగ్గుచేటు కాదూ. వచ్చు. చదవడం మాత్రం రాదు.

బయటివాళ్ళకు చెబితే నమ్మరు గానీ మాలో చాలామంది ఇంతే. బడిలో తెలుగు మీడియం, రెండో భాష హిందీ, రైల్వే కాగితాలు ఇంగ్లీషు. బెంగాలీ వీధిలో నేర్చుకున్నాం, వీధిలో అక్షరాలు ఎవరూ దిద్దించరు. దుకాణం బోర్డయితే తంటాలుపడి కూడబలుక్కుంటాను. చేతిరాత అయితే నాకు చీమలబారు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వను. ఇంత నోరేసుకుని తిరిగేదానికి చదవడం రాదని తెలిస్తే చులకనైపోనూ? కరెంటు ఆఫీసు నుంచి బెంగాలీలో కాగితం వస్తే కళ్ళజోడు సర్దుకుని, తల పంకించి, మడిచి సంచిలో పెట్టుకుని, ఇంటికొచ్చాక పక్కింటివాళ్ళ చేత చదివించుకుంటాను. యాభై రెండేళ్ళ మనిషిని, సిగ్గు విడిచి ఇప్పుడు చెబుతున్నాను. చెప్పాల్సిన చోట చెప్పలేదు కాబట్టి.

పైగా నేను టీచరుని. న్యూ సెటిల్‌మెంట్‌లో ఒక తెలుగు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ప్రాథమిక హక్కుల పాఠం ఏటా నా చేతుల మీదుగానే పోతుంది. అరెస్టు చేసిన మనిషికి ఎందుకు చేశారో చెప్పాలి. తనకు నచ్చిన వకీలుతో మాట్లాడుకోనివ్వాలి. ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం, ఇరవై రెండో అధికరణం. పిల్లలు రాగం తీసి అప్పజెబుతారు. పరీక్షలో నాలుగు మార్కులకు వస్తుంది, రాసేసి మర్చిపోతారు. పిల్లల సంగతి సరే, చెప్పిన నేను మర్చిపోయాను. చెప్పేవి శ్రీరంగ నీతులని ఊరికే అన్నారా?

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. మా ఇళ్ళలో సంతకానికో పద్ధతి ఉంది. ఆఫీసుల్లో ఎక్కడైనా బల్ల వెనక బాబు కాగితం ముందుకు తోసి, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ మార్కు వేస్తాడు. దాని పక్కన సంతకం పెట్టాలి. పైన ఏముందని అడక్కూడదు. అడిగితే బాబుకు కోపమొస్తుందనీ, కోపమొస్తే కాగితం బల్ల అడుక్కి పోతుందనీ మావాళ్ళ నమ్మకం. "బాబు మార్కెట్టిన కాడ సంతకం పెట్టీ, బేగి ఇంటికొచ్చీ" అని నాన్న మాకు ఉగ్గుపాలతో నేర్పాడు. ఆయన్ని తప్పుపట్టను. కాదు, పడతాను. ఆయన్నీ పడతాను, నన్నూ పడతాను.

ఆ మంగళవారం మూడో పీరియడులో ఉండగా మా మరదలు, అంటే తమ్ముడి భార్య, ఫోను చేసింది. వాళ్ళు సుభాష్‌పల్లిలో అద్దెకుంటారు. తమ్ముడు టోటో నడుపుతాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. ఆ బ్యాటరీ ఆటోను స్టేషను బయట స్టాండులో పెట్టుకుని ఎవరెక్కితే వాళ్ళను దింపి వస్తాడు. చదువు ఎనిమిదితో ఆపేశాడు. నేను చెప్పిందే వాడికి వేదం. మావైపు అక్కను అప్ప అంటాం, "మా అప్ప టీచరు" అని బండెక్కిన వాళ్ళందరికీ చెప్పేవాడు.

"వదినా, బేగి రా. ఆయన్ని స్టాండు కాడ పట్టుకొని ఠాణాకి తీసుకెల్లిపోనారంట. ఏటి సేసినాడో ఎవులూ సెప్పట్నేదు" అని మరదలు ఏడుస్తోంది.

అప్పుడు టైము పదకొండు. తీసుకెళ్ళింది పదింటికని స్టాండులో వాళ్ళు చెప్పారు. ఆ పదింటి సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకున్నాను, చచ్చినా మర్చిపోను.

నాన్నను తీసుకుని ఠాణాకు వెళ్ళాను. ఏ ఠాణా అని అడక్కండి, చెప్పను. అక్కడ పెద్దాయన్ని బడోబాబు అంటారు, ఆయన తర్వాతి వాడిని మెజోబాబు అంటారు. ఆ రోజు బల్ల దగ్గర మెజోబాబు ఉన్నాడు. మనిషి కొడతాడనీ తిడతాడనీ అనుకుని వెళ్ళానేమో, కుర్చీ చూపించి "రండి దిదిమొణి" అన్నాడు. టీచరమ్మలను ఇక్కడ అలాగే పిలుస్తారు. నేను టీచరునని వాడికెలా తెలిసిందో. తమ్ముడే చెప్పుంటాడు, ఇంకెవరు చెబుతారు.

"మా తమ్ముణ్ణి ఎందుకు అరెస్టు చేశారు?" అని బెంగాలీలో అడిగాను.

"అయ్యో, అరెస్టేంటి దిదిమొణి? ఊరికే నాలుగు మాటలు అడుగుతున్నాం. సాయంత్రానికి పంపించేస్తాం" అన్నాడు.

"ఏ విషయం మీద?"

"ఉందిలెండి ఒక విషయం."

అరెస్టు కాకపోతే ఇప్పుడే నాతో పంపించండి, అయితే కాగితం చూపించండి. ఈ రెండు ముక్కలు నా నాలిక చివర ఉన్నాయి. నోరు తెరవబోతే నాన్న మోచెయ్యి గిల్లాడు.

"ఊరుకోయే గుంటా! నువ్వు నోరెట్టుకుంటే లోపల ఆడి ఈపు పగులుతాది. దండమెట్టీ, ఎల్లిపోదాం."

ఎనభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, మనవడి వయసు ఉన్నవాడికి వంగి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. బజార్లో వంద గ్రాముల చేప తగ్గితే ఊరు ఏకం చేసేదాన్ని, తమ్ముడు లోపల ఉంటే చేతులు జోడించి బయటికొచ్చాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

అరెస్టు కాదు, ఊరికే అడుగుతున్నాం. ఎంత హాయిగా ఉందో చూడండి ఆ మాట! అరెస్టని కాగితం మీద రాయనంతసేపూ ఇరవై నాలుగు గంటలు మొదలే కావు. మనిషి చెప్పులు విప్పించి, ఫోను లాక్కుని, లోపల కూర్చోబెట్టుకోవచ్చు. వకీలెందుకు, అరెస్టే కాదు కదా. డాక్టరెందుకు, అరెస్టే కాదు కదా. ఇంటివాళ్ళకు చెప్పడమెందుకు, అరెస్టే కాదు కదా. ఇంతకంటే సులువైన దొంగతనం లోకంలో ఉందా?

సాయంత్రం మరదలు అన్నం డబ్బా పట్టుకొచ్చింది. డబ్బా తీసుకున్నారు గానీ మనిషిని చూడనివ్వలేదు. తలుపు తెరిచినప్పుడు నడవా చివర కింద కూర్చుని ఉన్న వాడి కాళ్ళు మాత్రం కనిపించాయి. చెప్పులు లేవు. నేను "ఒరే" అని కేకేశాను. వాడు తల తిప్పేలోపు తలుపు వేసేశారు. పంపించేస్తామన్న సాయంత్రం అలా పోయింది.

బుధవారం బడికి సెలవు పెట్టి, పొద్దున్నే వెళ్ళి ఠాణా ముందున్న సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం, నేనూ నాన్నా మరదలూ. అసలు కేసేమిటో మాకు చెప్పింది ఠాణా కాదు, ఎదురుగా టీ తాగుతున్న ఒక కానిస్టేబులు. ఎవరో కేబుల్ పనులు చేసే కాంట్రాక్టరు గోదాములోంచి రాగితీగ చుట్టలు పోయాయట. సోమవారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు గోనెసంచులతో మా వాడి టోటో ఎక్కి పాతసామాన్ల కొట్టు దగ్గర దిగారట. ఆ ఇద్దరూ ఎవరో తెలియదు. టోటో రంగు మాత్రం గోదాము వాచ్‌మన్ గుర్తుపట్టాడు. ఇంకేముంది, టోటోవాణ్ణి పట్టుకున్నారు. బండెక్కేవాళ్ళ సంచులు విప్పి చూసి ఎక్కించుకోవాలి కాబోలు టోటోవాళ్ళు.

"అంతేనా? అదే సంగతైతే సెప్పీసి ఒచ్చీడా ఆడు?" అన్నాడు నాన్న.

"చెప్పే ఉంటాడు నాన్నా. వాళ్ళకు కావలసింది అది కాదు" అన్నాను.

"మరేటి కావాల ఆలకి?"

నాకూ తెలియలేదు. ఒక వకీలును చూడాలని అప్పుడైనా అనిపించాలా వద్దా? అనిపించింది. మిద్నాపూర్ వెళ్ళాలి, ఎవరినడగాలి, ఈలోపు వీణ్ణి వదిలేస్తే మేం ఇక్కడ లేకపోతే ఎలా. ఇలా సాకులు చెప్పుకుంటూ దిమ్మ మీదే కూర్చున్నాను. డబ్బు లేనివాళ్ళకు ఉచితంగా వకీలును పెడతారని కూడా నాకు తెలుసు. అదీ పాఠంలో ఉంది. పాఠంలో లేనిదల్లా, ఆ వకీలు కోసం దిమ్మ మీంచి లేవాలని.

సాయంత్రం ఆరు దాటాక మెజోబాబు నన్ను లోపలికి పిలిపించాడు. నాన్న నా వెనకే వచ్చాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది, బెంగాలీలో, చేతిరాత, నిండుగా.

"రేపు కోర్టుకు పంపిస్తున్నాం దిదిమొణి. చిన్న కేసు, బెయిలు వచ్చేస్తుంది. ఇంటివాళ్ళకు తెలియజేశామని మీరొక సంతకం పెట్టాలి. రూలు" అన్నాడు. కాగితం అడుగున కుదురుగా ఒక ఇంటూ మార్కు వేశాడు. పెన్సిలుతోనే.

పెన్ను చేతికిస్తూ అడిగాడు. "దిదిమొణి, బాంగ్లా పొడ్తే పారెన్ తో?" బెంగాలీ చదవగలరు కదా, అని.

గదిలో ఇద్దరు కానిస్టేబుళ్ళున్నారు. ఎవరో ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినామె ఉంది. అందరూ నా వైపే చూస్తున్నట్టనిపించింది. రాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? రాదు, చదివి వినిపించండి. అంతే కదా. నేను కళ్ళజోడు సర్దుకున్నాను. "పారి" అన్నాను. చదవగలను, అని. గట్టిగా అన్నాను, నడవా చివరికి వినిపించేంత గట్టిగా.

కాగితం మీద కళ్ళు పైనుంచి కిందికి తిప్పాను, కరెంటు ఆఫీసు కాగితం మీద తిప్పినట్టే. నాన్న వెనక నుంచి "పెట్టీ, పెట్టీ, మార్కెట్టినాడు కదా" అంటున్నాడు. పెట్టాను. మెజోబాబు నా సంతకం మీద ఊది, ఫైల్లో పెట్టుకున్నాడు. "సొబ్ ఠీక్ ఆఛే" అన్నాడు, అంతా సరిగ్గానే ఉంది, అని. నేను "ధొన్యొబాద్" కూడా చెప్పాను. థాంక్సు చెప్పానండీ వాడికి!

గురువారం మిద్నాపూర్ కోర్టు వరండాలో ఉచిత న్యాయ సహాయం వాళ్ళు మాకు ఒక వకీలును ఇచ్చారు. ముప్పై ఏళ్ళ బెంగాలీ అమ్మాయి. చేతిలో నాలుగు ఫైళ్ళు, భుజాన సంచి, మాట చాలా తొందర. పోలీసులు ఇచ్చిన కాగితాల నకళ్ళు తెచ్చుకుని గబగబా తిప్పుతూ అడిగింది.

"మీవాణ్ణి ఎప్పుడు పట్టుకెళ్ళారు?"

"మంగళవారం పొద్దున పదింటికి."

ఆవిడ తిప్పడం ఆపింది. ఒక కాగితం నా ముందు పెట్టింది. నిన్నటిదే.

"దీన్ని అరెస్టు మెమో అంటారు. ఇందులో బుధవారం సాయంత్రం ఐదున్నరకు, రోడ్డు మీద అరెస్టు చేశామని ఉంది. కింద ఇంటి మనిషి సాక్షి సంతకం ఉంది. ఇది మీదేనా?"

మంగళవారం పది నుంచి బుధవారం ఐదున్నర దాకా, ముప్పై గంటలకు పైన, మా తమ్ముడు ఏ ఠాణాలోనూ లేడు. వాణ్ణెవరూ పట్టుకోలేదు. ఎవరూ ఏమీ చేయలేదు. అలాగని నేనే సంతకం పెట్టాను.

"ఎందుకు పెట్టారు?" అంది వకీలు దీదీ. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆవిడకు విసుగొచ్చింది. "అరెస్టు కాగితం మీద ఇంటి మనిషి సంతకం ఎందుకు తీసుకుంటారో తెలుసా? పోలీసులు టైము మార్చకుండా ఉండటానికి. ఆ సంతకం మీకోసం పెట్టిన రూలు. మీరు దాన్ని వాళ్ళకిచ్చేశారు. అసలు ఇలాంటి కేసులో ముందు నోటీసిచ్చి పిలవాలి. అరెస్టే చేయాలంటే ఎందుకు చేయాల్సొచ్చిందో రాయాలి. అవన్నీ అడిగేదాన్ని. ఇప్పుడు వాళ్ళేమంటారో తెలుసా? అక్క టీచరు, చదువుకున్నావిడ, చదివే పెట్టింది అంటారు."

పోలీసులు ఐదు రోజుల కస్టడీ అడుగుతున్నారని కూడా చెప్పింది. మిగతా రాగితీగ ఎక్కడుందో రాబట్టాలట. అంటే వాడు మళ్ళీ అదే ఠాణాకు, అదే నడవాకు, ఐదు రోజులు. మరదలికి అది అర్థమై వకీలు దీదీ చెయ్యి పట్టుకుంది.

అంతలో తమ్ముణ్ణి తీసుకొచ్చారు. మడమలు నేలకు ఆనకుండా వేళ్ళ మీద నడుస్తున్నాడు. పొద్దున డాక్టరుకు చూపించారట గానీ, పక్కన పోలీసు నిలబడి ఉంటే వాడేం చెబుతాడు? ఏమీ చెప్పలేదట. నన్ను చూసి నవ్వబోయాడు.

లోపల మేజిస్ట్రేటుగారు వాణ్ణే మొదట అడిగారు, ఎప్పుడు పట్టుకున్నారని. మంగళవారం పొద్దున, అన్నాడు వాడు. మెజోబాబు వినయంగా కాగితం చూపించాడు. సార్, ముద్దాయి అక్కగారి సంతకం, ఆవిడ స్కూలు టీచరు, బెంగాలీ చదవడం వచ్చని ఆవిడే చెప్పారు, నలుగురి ముందు. అబద్ధం కాదు కదా. నేను అన్నానా లేదా?

వకీలు దీదీ లేచి, అక్కగారు ఇక్కడే ఉన్నారు, అడగండి అంది. మేజిస్ట్రేటుగారు నా వైపు చూశారు. నేను ముందుకెళ్ళాను. హాలు నిండా జనం. మా న్యూ సెటిల్‌మెంట్ వాళ్ళు ఇద్దరు వేరే కేసుకు వచ్చి వెనక బల్ల మీద కూర్చుని ఉన్నారు. అందులో ఒకరి కొడుకు నా క్లాసే.

"సంతకం మీదేనా?"

"నాదే."

"చదివి పెట్టారా?"

"లేదండీ. చదవలేదు. నాకు బెంగాలీ చదవడం రాదు." ఇది నేను బెంగాలీలోనే చెప్పాను. బెంగాలీ రాదని అంత చక్కని బెంగాలీలో చెబుతుంటే వెనక ఎవరో ఫక్కుమన్నారు. ఆ వెంటనే ఇంకొందరు నవ్వారు. "టీచరంట!" అని తెలుగులోనే వినిపించింది. తల కొట్టేసినట్టయింది. నాన్న రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. మేజిస్ట్రేటుగారు నిశ్శబ్దం అని బల్ల మీద తట్టి, "మరి వచ్చని ఎందుకు చెప్పారు?" అన్నారు.

"సిగ్గేసి చెప్పాను. అబద్ధం చెప్పాను. నన్నేం చేసినా చెయ్యండి. వాణ్ణి తీసుకెళ్ళింది మంగళవారం పదింటికి. స్టాండులో పదిమంది చూశారు. మంగళవారం మధ్యాహ్నం నేనే వెళ్ళి ఈయన ముందు నిలబడ్డాను. అరెస్టు కాదన్నాడు" అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో సరిగా గుర్తులేదు, కోపంలో తెలుగులో కూడా చాలా మాట్లాడానట. మరదలు తర్వాత చెప్పింది.

అప్పుడు మా తమ్ముడు ఎవరూ అడక్కుండానే ఒక కాలు పైకెత్తి వాచిన అరికాలు చూపించాడు. బోను కమ్మీ పట్టుకుని, ఒంటికాలి మీద నిలబడి. మేజిస్ట్రేటుగారు చాలాసేపు రాశారు. పోలీసు కస్టడీకి ఇవ్వనన్నారు. మళ్ళీ డాక్టరు పరీక్ష చేయించి రిపోర్టు పంపమన్నారు. వాణ్ణి జైలుకు పంపారు. తమ్ముణ్ణి జైలుకు పంపిస్తుంటే మేము ముగ్గురం సంతోషించాం. మా బతుకులు అంతవరకు వచ్చాయి.

బయట వకీలు దీదీ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇంకెప్పుడైనా అవసరమైతే, అవసరం రాకూడదనుకోండి, సంతకం పక్కన మీ చేత్తో మీ భాషలో రాయండి. ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకెళ్ళారు, మీకు చదివి వినిపించారా లేదా. తెలుగులో రాయండి. వాళ్ళకు చదవడం రాకపోతే అది వాళ్ళ ఖర్మ" అంది. అంత చిన్న సంగతి. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పానే, ఒక్క పిల్లకైనా ఆ ముక్క చెప్పానా?

పదమూడో రోజున బెయిలొచ్చింది. టోటో మాత్రం ఇంకా ఠాణా ఆవరణలోనే ఉంది, ఎండకూ వానకూ. వాడు ఇప్పుడు ఎవరి బండో అద్దెకు తీసుకుని నడుపుతున్నాడు. స్టాండులో కొందరు దొంగ అని వెక్కిరిస్తారట. నేను వెళ్ళి ఒకసారి ఆ స్టాండులో నిలబడి, నాకు వచ్చిన బెంగాలీ అంతా వాడి వచ్చాను. ఉపయోగం లేదు. అయినా వాడాను.

బెయిలొచ్చాక రెండో శనివారం వకీలు దీదీ ఫోను చేసింది. పోలీసుల ఫైల్లో ఇంకో కాగితం ఉందట. టోటో సీటు కింద రాగితీగ చుట్ట దొరికిందనీ, ముద్దాయి ఎదుటే స్వాధీనం చేసుకున్నామనీ రాసిన జాబితా. కింద మా తమ్ముడి సంతకం. "పోలీసుల ముందు ఒప్పుకున్నానని ఎంత రాసుకున్నా కోర్టులో చెల్లదు. కానీ సొత్తు దొరికిందన్న కాగితం వేరు. ఈ సంతకం ఎలా పెట్టించారో మొదటి రోజే మేజిస్ట్రేటుకు చెప్పి ఉంటే మన చేతిలో ఉండేది. ఇప్పుడు తర్వాత అల్లిన కథ అంటారు. కేసంతా దీని మీదే నిలబడుతుంది. ఎందుకు పెట్టాడో కనుక్కోండి" అంది.

మర్నాడు ఆదివారం వాళ్ళను భోజనానికి పిలిచాను. వాడికిష్టమని చిన్నచేపల పులుసు చేశాను. వాడు పీట మీద కూర్చుని తింటున్నాడు. పాదాల వాపు తగ్గింది గానీ బాసింపట్టు వేసుకుంటే ఇంకా నొప్పి, కాళ్ళు చాపుకున్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

"నీకు బుద్ధుందా? చదవకుండా ఎందుకు పెట్టావురా సంతకం?" అని అరిచాను. నేను అరిచాను, వాడి మీద!

వాడు ముద్ద మింగి నెమ్మదిగా చెప్పాడు. "మంగలారం కొట్టినారు, పెట్నేదు అప్పా. బుదారం మద్దినేల మల్లీ కొట్టినారు, పెట్నేదు. సదివి ఇనిపిస్తే పెడతానన్నాను. సాయంత్రం నీ గొంతు ఇనిపించింది. మెజోబాబు సదవడం ఒచ్చా అనడిగినాడు, నువ్వు పారి అన్నావు. తరవాత నువ్వు సంతకమెట్టిన కాగితమూ, నా కాగితమూ అట్టుకొని నా కాడికొచ్చినాడు. మీ దీదీ అన్నీ సదివీసి సంతకం పెట్టింది, ఇంకా నీకేటి బయం అన్నాడు. అప్ప సదివితే మరి నానెందుకు బయపడాల అనీసి పెట్టీసినాను."

మరదలు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను పులుసు గరిటె కింద పెట్టాను.

"మరి కోర్టులో ఎందుకు చెప్పలేదురా? మేజిస్ట్రేటుగారు అన్నీ అడిగారు కదా, ఆ ముక్క కూడా అప్పుడే చెప్పి ఉంటే..."

"ఎలగ సెప్పమంటావు?" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా. "మా అప్పని నమ్మి పెట్టినానని సెప్పాల. అప్పటికే అందరూ నిన్ను సూసి నవ్వినారు. ఇంకా నవ్వించమంటావేటి?"